ఫైళ్లు స్వీకరించే ప్లగిన్లలో భద్రతా లోపాలు: లాగిన్ లేని సందర్శకుల నుంచి పత్రాలు తీసుకోవడం ఎలా?

దరఖాస్తుల_వేదిక:

అందరికీ నమస్కారం. నేను నిర్వహిస్తున్న వర్డ్‌ప్రెస్ సైటులో ఒక దరఖాస్తు ఫారం పెట్టవలసి వచ్చింది. దరఖాస్తు చేసేవారికి సైటులో ఖాతా ఉండదు, అయినా ప్రతి ఒక్కరూ ఒక ఫొటోనూ రెండు మూడు పీడీఎఫ్ పత్రాలనూ జతచేయాలి. ఇందుకు పనికొచ్చే ప్లగిన్లు చాలానే కనిపిస్తున్నాయి. దాదాపు ప్రతిదాని వివరణలోనూ "మీరు అనుమతించిన రకాల ఫైళ్లను మాత్రమే స్వీకరిస్తుంది" అనే వాక్యం ఉంది. అదే సమయంలో ఫైల్ అప్‌లోడ్ లోపం వల్ల సైట్లు పూర్తిగా పరాయి చేతుల్లోకి పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, ప్లగిన్‌ను ఎంచుకునే ముందు ఏమి చూడాలి, సర్వరు వైపు నేను చేయవలసిన పని ఏమిటి అని అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. సర్వరు మా అధీనంలోనే ఉంది, ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వరు, దాని వెనుక పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం ఉన్నాయి.

సర్వర్_కాపలా:

మీరు సైటు తెరవకముందే అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను. ఫైలు రకాన్ని పరీక్షించడం అవసరమే, కానీ ఆ పరీక్ష ఎక్కడ జరుగుతుంది, దేనిని చూసి జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుంది అన్న మూడు విషయాల మీదే దాని విలువ ఆధారపడుతుంది. బ్రౌజరులో జావాస్క్రిప్ట్ చేసే పరీక్షను లెక్కలోకి తీసుకోకండి, దాడి చేసేవారు బ్రౌజరును వాడరు. ఫైలుతోపాటు బ్రౌజరు పంపే మైమ్ రకాన్ని (ఇది ఏ రకం ఫైలో చెప్పే చీటీని) నమ్మడమూ అంతే, ఎందుకంటే అది పంపేవారు తమ ఇష్టప్రకారం రాసుకోగలిగిన ఒక మాట మాత్రమే.

కొందరు రచయితలు ఒక అడుగు ముందుకు వేసి, ఫైలు లోపలి మొదటి బైట్లను చదివి అది బొమ్మా కాదా అని తేలుస్తారు. వినడానికి ఇది బాగానే ఉంటుంది. అయితే 2020 జులైలో డబ్ల్యూపీడిస్కజ్ అనే వ్యాఖ్యల ప్లగిన్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. 7వ వెర్షనులో వ్యాఖ్యలకు బొమ్మలు జతచేసే సౌకర్యం తెచ్చారు, ఫైలు లోపలి గుర్తును చూసి బొమ్మ అని నిర్ధారించారు, కానీ పేరు చివరి ఎక్స్‌టెన్షన్ ఏమిటో సరిగా పట్టించుకోలేదు. మొదట్లో బొమ్మకు ఉండవలసిన కొన్ని బైట్లు పెట్టి, వెనుక పీహెచ్‌పీ కోడ్ రాసి, పేరు చివర పీహెచ్‌పీ అని ఉంచితే, ప్లగిన్‌కు అది బొమ్మ, సర్వరుకు అది ప్రోగ్రాము. లాగిన్ అవసరం లేకుండానే ఇది సాధ్యమైంది. 7.0.5లో సరిచేశారు. ఈ ఉదాహరణను మనసులో ఉంచుకుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది: ఫైలును నడపాలా వద్దా అన్నది సర్వరు తేల్చేది పేరును చూసి, లోపలి సరుకును చూసి కాదు. కాబట్టి పేరునూ లోపలి సరుకునూ కలిపి పరీక్షించాలి, రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. వర్డ్‌ప్రెస్‌లో ఈ పని చేసే సొంత ఫంక్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి సొంతంగా పరీక్ష రాసుకున్న ప్లగిన్‌ను చూస్తే నేను వెంటనే అనుమానిస్తాను.

పరీక్ష ఎప్పుడు జరుగుతుందన్నదీ ముఖ్యమే. 2023లో ఫార్మినేటర్ అనే ఫారం ప్లగిన్‌లో, భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో సీవీఈ-2023-4596గా నమోదైన లోపం ఇదే. ఫైలు రకాన్ని పరీక్షించే కోడ్ ఉంది, కానీ ఫైలు సర్వరు మీద చేరిన తరువాత అది నడిచింది. అప్పటికే హానికర ఫైలు చేరవలసిన చోటికి చేరిపోయింది. సింపుల్ ఫైల్ లిస్ట్ అనే మరో ప్లగిన్‌లో దారి ఇంకోలా తెరుచుకుంది: అప్‌లోడ్ సమయంలో రకాన్ని పరీక్షించారు, తరువాత పేరు మార్చే సౌకర్యంలో పరీక్షించలేదు. బొమ్మ పేరుతో ఎక్కించి, ఆపైన పీహెచ్‌పీగా పేరు మార్చుకుంటే సరిపోయింది. ప్లగిన్ వివరణలో ఉన్న ఆ ఒక్క వాక్యం ఈ మూడింటికీ అక్షరాలా వర్తించేదే.

ప్లగిన్_రచయిత:

కాపలా గారు చెప్పిన దానికి, ప్లగిన్లు రాసే వైపు నుంచి కొంత కలుపుతాను. నా దృష్టిలో ఫైలు రకం రెండో ప్రశ్న, ఈ ఫంక్షన్‌ను పిలవడానికి ఎవరికి హక్కు ఉంది అన్నది మొదటి ప్రశ్న. అతి పెద్ద ప్రమాదాలు కొన్ని ఈ మొదటి ప్రశ్న దగ్గరే జరిగాయి.

2014లో మెయిల్‌పొయెట్ ప్లగిన్‌లో, థీములను జిప్ ఫైలుగా ఎక్కించే సౌకర్యం నిర్వాహకులకు మాత్రమే ఉద్దేశించినది. దాన్ని అడ్మిన్_ఇనిట్ అనే హుక్‌కు (వర్డ్‌ప్రెస్ ఒక నిర్ణీత ఘట్టంలో ప్లగిన్ కోడ్‌ను పిలిచే చోటుకు) తగిలించారు. ఆ పేరు చూసి అది నిర్వాహకులు లోపలికి వచ్చినప్పుడే నడుస్తుందని అనుకోవడం సహజమే, కానీ అడ్మిన్-పోస్ట్, అడ్మిన్-అజాక్స్ చిరునామాలను లాగిన్ లేనివారు పిలిచినా అది నడుస్తుంది. అనుమతిని విడిగా అడిగే ఒక్క వరుస లేకపోవడంతో ఎవరైనా సర్వరు మీదికి ఫైళ్లు ఎక్కించగలిగారు. 2.6.7 వెర్షనులో దీన్ని మూసివేశారు, కానీ అప్‌డేట్ చేయని సైట్లు ఆ వేసవిలో పెద్దసంఖ్యలో దెబ్బతిన్నాయి.

ఇప్పటికీ తరచుగా కనిపించే మరో అపోహ నాన్స్ గురించి, అంటే పేజీలో ఉంచి ఫారంతోపాటు తిరిగి పంపించుకునే చిన్న సంకేతం గురించి. నాన్స్ సరిచూశాం కాబట్టి భద్రత ఉన్నట్టే అని రాసిన కోడ్ చాలా చూశాను. ఒక అభ్యర్థన మన పేజీ నుంచే వచ్చిందని, మరో సైటు వినియోగదారుని చేత తెలియకుండా చేయించలేదని చూసుకోవడానికే నాన్స్ ఉంది. అది అనుమతిపత్రం కాదు. లాగిన్ కాని సందర్శకులందరినీ వర్డ్‌ప్రెస్ సున్నా సంఖ్య గల వినియోగదారుగానే లెక్కిస్తుంది కాబట్టి, ఒక సమయంలో ఒక పనికి వాళ్లందరికీ వచ్చే నాన్స్ మామూలుగా ఒకటే. పేజీ సోర్సులో అది అందరికీ కనిపిస్తుంది. దరఖాస్తుల గారి ఫారంలో లాగిన్ ఉండదు కాబట్టి ఇక్కడ నాన్స్ ఇచ్చే రక్షణ అతి స్వల్పం.

ఇక ఫైల్ మేనేజర్ సంగతి. 2020 సెప్టెంబరు నాటికి డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. అందులో వాడిన ఎల్‌ఫైండర్ లైబ్రరీతో ఒక నమూనా ఫైలు వస్తుంది. అది నేరుగా నడవకుండా ఉండటానికే లైబ్రరీవాళ్లు దాని పేరు చివర డిస్ట్ అని పెట్టారు. ప్లగిన్‌లో ఆ చివరి మాటను తీసేసి పీహెచ్‌పీగా మార్చి ఉంచారు. దాంతో లోపలికి ఎవరు వస్తున్నారని అడిగేవారే లేకుండా, ఆ చిరునామా తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫైళ్లు ఎక్కించే వీలు కలిగింది. 6.9లో ఆ ఫైలును తొలగించారు. సీవీఈ-2020-25213గా ఇది నమోదైంది. ప్లగిన్ రచయిత తాను రాసిన కోడ్ ఎంత శ్రద్ధగా చూసుకున్నా, తాను తెచ్చిపెట్టుకున్న లైబ్రరీలోని నమూనాలూ పరీక్షా ఫైళ్లూ తన బాధ్యతే అని గుర్తించకపోతే ఫలితం ఇలా ఉంటుంది.

కొత్త_నిర్వాహకుడు:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా సైటులోనూ అలాంటి ఫైల్ మేనేజర్ ప్లగిన్ ఒకటి ఉంది, వాడకపోవడంతో డీయాక్టివేట్ చేసి ఉంచాను. ఆ స్థితిలో ప్రమాదం ఉండదు కదా?

ప్లగిన్_రచయిత:

ఉంటుంది. డీయాక్టివేట్ చేస్తే వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ను తనంతట తాను పిలవడం మాత్రమే ఆగుతుంది, ఫైళ్లు ఫోల్డరులోనే ఉంటాయి. నేను పైన చెప్పిన నమూనా ఫైలులాగా వర్డ్‌ప్రెస్‌తో సంబంధం లేకుండా నేరుగా నడిచే పీహెచ్‌పీ ఫైలు అందులో ఉంటే, దాని చిరునామాను పిలిచిన వారికి అది పనిచేస్తుంది. వాడని ప్లగిన్‌ను పూర్తిగా తొలగించండి.

నిదాన_ఆలోచన:

ఇన్ని వివరాలు చదివాక నాకు ఒక సందేహం కలుగుతోంది. సైటు నడిపే మామూలు మనిషి ప్రతి ప్లగిన్ కోడ్ చదవలేరు. ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకుని, ముందు ఒక మంచి వెబ్ ఫైర్‌వాల్ ఉంచుకుంటే ఆచరణలో సరిపోతుందని నా అభిప్రాయం. లోపం బయటపడగానే ఫైర్‌వాల్ సంస్థలు నియమం జోడిస్తాయి, ప్లగిన్ రచయితలు కొత్త వెర్షను ఇస్తారు. మిగిలినదంతా మన శక్తికి మించిన శ్రమ అవుతుందేమో ఆలోచించండి.

సర్వర్_కాపలా:

నిదాన గారూ, అప్‌డేట్లూ ఫైర్‌వాలూ ఉండాలన్న విషయంలో మీతో ఏకీభవిస్తాను. అవి సరిపోతాయన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. లోపం ప్రపంచానికి తెలిసిన తరువాత మాత్రమే ఆ రెండూ దాన్ని ఆపుతాయి. ఫైల్ మేనేజర్ విషయంలో కొత్త వెర్షను వెలువడేనాటికే దాడులు జరుగుతున్నాయి. ఫైర్‌వాల్ నియమం తెలిసిన ఆకారాన్ని గుర్తిస్తుంది, అభ్యర్థనను కొద్దిగా వేరే రూపంలో పంపితే దాటిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దరఖాస్తుల గారి సైటు అపరిచితుల నుంచి ఫైళ్లు తీసుకోవడానికే ఉన్నది కాబట్టి, ఫైర్‌వాల్‌కు కూడా ఏది దరఖాస్తో ఏది దాడో తేల్చుకోవడం ఇక్కడ మామూలుకంటే కష్టం.

ప్లగిన్ కోడ్ చదవలేమన్న మాట నిజం. అందువల్లనే నేను నమ్మేది వేరే దారి: ప్లగిన్‌లో లోపం ఉందనే ముందుగా అనుకుని, ఆ లోపం గుండా పీహెచ్‌పీ ఫైలు అప్‌లోడ్స్ ఫోల్డరులో పడినా అది నడవకుండా సర్వరును అమర్చడం. ఈ ఒక్క పని ఒకసారి చేస్తే చాలు, ప్లగిన్లు మారినా అది నిలబడి ఉంటుంది, కోడ్ చదవనక్కరలేదు. అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవవలసిన అవసరం మామూలు సైటుకు ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, దానికి పాత చరిత్ర ఉంది. బ్లూఇంప్ వారి జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ అనే లైబ్రరీని వేలమంది తమ ప్రాజెక్టుల్లోకి తీసుకున్నారు. అప్పట్లో దాని నమూనా పీహెచ్‌పీ కోడ్ అన్ని రకాల ఫైళ్లనూ స్వీకరించేది, ఎక్కిన ఫైళ్లు నడవకుండా ఆపే బాధ్యతను ఫోల్డరులోని హెచ్‌టీయాక్సెస్ అనే అమరిక ఫైలుకు వదిలేసింది. 2010లో అపాచీ అనే వెబ్ సర్వరు 2.3.9 వెర్షను నుంచి హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను చదవకపోవడమే డిఫాల్టు అయింది. సర్వరు నిర్వాహకులు ప్రత్యేకంగా అనుమతించకపోతే ఆ రక్షణ ఫైలు ఫోల్డరులో ఉన్నా లేనట్టే. ఈ సంగతిని 2018 అక్టోబరులో అకమై సంస్థకు చెందిన లారీ క్యాష్‌డాలర్ బయటపెట్టారు, సీవీఈ-2018-9206. ఆలోపల ఆ కోడ్ ఎన్ని ప్లగిన్లలోకీ థీముల్లోకీ పాకిపోయిందో ఊహించండి. మీరు వాడే ఎన్‌జిన్ఎక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్‌ను ఎప్పుడూ చదవదు. అనేక ఫారం ప్లగిన్లు తాత్కాలిక ఫోల్డరులో ఆ ఫైలును పెట్టి రక్షణ కల్పించామని భావిస్తాయి. మీ సర్వరు మీద దానికి ఏ విలువా లేదు.

ఎన్‌జిన్ఎక్స్_పాఠకురాలు:

ఎన్‌జిన్ఎక్స్ కాబట్టి అమరిక గురించి నేను రాస్తాను. అప్‌లోడ్స్ చిరునామా కింద పీహెచ్‌పీతో ముగిసే ప్రతి అభ్యర్థననూ నిరాకరించే ఒక లొకేషన్ బ్లాకు (ఏ చిరునామాకు ఏమి చేయాలో చెప్పే అమరిక భాగం) రాయాలి. కానీ దాన్ని ఎక్కడ రాస్తున్నారో జాగ్రత్తగా చూడండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాతో, రాసిన లొకేషన్లను ఎన్‌జిన్ఎక్స్ అవి ఫైలులో ఉన్న వరుసలోనే పోల్చి చూస్తుంది, సరిపోయిన మొదటిదాని దగ్గరే ఆగుతుంది. పీహెచ్‌పీ ఫైళ్లన్నింటినీ ఎఫ్‌పీఎంకు పంపే సాధారణ బ్లాకు పైన ఉండి, మీ నిరాకరణ బ్లాకు కింద ఉంటే, అమరిక ఫైలులో తప్పేమీ కనిపించదు, సర్వరు ఏ ఫిర్యాదూ లేకుండా మొదలవుతుంది, నిరాకరణ మాత్రం ఎన్నడూ అమలు కాదు. నిరాకరణ బ్లాకు తప్పనిసరిగా పైన ఉండాలి.

పేరు మధ్యలో పీహెచ్‌పీ అని, చివర జేపీజీ అని ఉన్న ఫైళ్ల గురించి కూడా చెప్పాలి. అపాచీలో యాడ్‌హ్యాండ్లర్ పద్ధతిలో అమర్చిన పాత సర్వర్లు అటువంటి ఫైలునూ నడుపుతాయి, ఎందుకంటే ఆ పద్ధతిలో పేరులోని ప్రతి ఎక్స్‌టెన్షన్ లెక్కలోకి వస్తుంది. ఎన్‌జిన్ఎక్స్‌లో దీనికి సాటి వచ్చేది పాత్‌ఇన్ఫో సమస్య: బొమ్మ చిరునామా చివర ఒక ఏటవాలు గీత (/) పెట్టి ఏదో పీహెచ్‌పీ పేరు జోడిస్తే, ఆ పేరుతో ఫైలు లేకపోవడం చూసి పీహెచ్‌పీ వెనక్కి జరిగి బొమ్మనే ప్రోగ్రాముగా నడిపేది. ఎఫ్‌పీఎంలో లిమిట్_ఎక్స్‌టెన్షన్స్ అనే అమరిక వచ్చాక ఇది డిఫాల్టుగా ఆగిపోయింది. పాత ట్యుటోరియల్ చూసి ఎవరైనా ఆ అమరికను ఖాళీ చేసి ఉంచారేమో ఒకసారి సరిచూసుకోండి. ఫైలు నిజంగా ఉందని తేలిన తరువాతే ఎఫ్‌పీఎంకు పంపే ట్రై_ఫైల్స్ వరుస కూడా ఉండాలి.

గోప్యతా_పక్షం:

ఇంతవరకు జరిగిన చర్చ అంతా హానికర ఫైలు నడవడం గురించే సాగింది. నాకు అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగించేది దరఖాస్తుదారుల పత్రాల సంగతి. వాళ్ల గుర్తింపు పత్రాలూ చదువు ధ్రువపత్రాలూ అప్‌లోడ్స్ ఫోల్డరులో, సంవత్సరం, నెల పేర్లతో ఉన్న చిరునామా కింద, వాళ్లు పెట్టిన అసలు పేరుతోనే నిలిచిపోతే, ఏ లోపమూ లేకుండానే వాటిని ఎవరైనా చదవవచ్చు. ఫోల్డరు జాబితా చూపే అమరిక తెరిచి ఉంటే సెర్చ్ ఇంజన్లు కూడా వాటిని చేర్చుకుంటాయి. ఒక మనిషి మనల్ని నమ్మి ఇచ్చిన పత్రం అది. సర్వరు పోతే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోగలం, బయటికి పోయిన పత్రాన్ని వెనక్కి తెచ్చే మార్గం ఎవరి దగ్గరా లేదు.

అందువల్ల ఫైళ్లను వెబ్ రూటు (బ్రౌజరుకు నేరుగా అందే ఫోల్డరు) బయట ఉన్న ఫోల్డరులో దాచే ప్లగిన్‌నే ఎంచుకోండి. లోపలి సిబ్బంది చూడాలనుకున్నప్పుడు, ముందు వాళ్ల అనుమతిని పరీక్షించి, ఆపైన ఫైలును పంపే ఒక స్క్రిప్టు గుండా మాత్రమే అది అందాలి. ఎన్‌జిన్ఎక్స్‌లో ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ అనే హెడరు ఇందుకే ఉంది: అనుమతి సంగతి పీహెచ్‌పీ చూసుకుంటుంది, ఫైలు పంపే పనిని ఎన్‌జిన్ఎక్స్ చేస్తుంది. పంపేటప్పుడు బ్రౌజరులో తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయ్యేలా అటాచ్‌మెంట్ అని చెప్పడం, రకాన్ని బ్రౌజరు ఊహించకుండా నోస్నిఫ్ హెడరు పెట్టడం మరవకండి. పరిశీలన ముగిసిన దరఖాస్తుల పత్రాలను ఎప్పుడు చెరిపివేస్తారో ముందే నిర్ణయించుకోండి, లేని ఫైలును ఎవరూ దొంగిలించలేరు.

దరఖాస్తుల_వేదిక:

గోప్యత గారు చెప్పిన కోణం నేను అడిగిన ప్రశ్నలోనే లేదు, దాన్ని ముందుకు తెచ్చినందుకు కృతజ్ఞతలు. రెండు విషయాలు ఇంకా అడగాలి. ఫొటోల విషయంలో ఎస్‌వీజీని కూడా అనుమతించమని మా డిజైనరు కోరుతున్నారు, అది బొమ్మే కదా, ప్రమాదం ఏమిటి? రెండోది, సర్వరు మీద ఇప్పటికే ఏదైనా చేరి ఉంటే తెలుసుకునేది ఎలా?

సర్వర్_కాపలా:

మొదటి ప్రశ్నకు జవాబు ఇస్తాను. ఎస్‌వీజీ బొమ్మలా కనిపించే ఎక్స్‌ఎంఎల్ పత్రం, దానిలో జావాస్క్రిప్ట్ ఉండవచ్చు. అపరిచితులు ఎక్కించిన ఎస్‌వీజీని మీ నిర్వాహకులు లింకు నొక్కి నేరుగా తెరిస్తే, ఆ స్క్రిప్టు మీ సైటు పేరు మీద, నిర్వాహకుల లాగిన్‌తో నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ దాన్ని డిఫాల్టుగా అనుమతించకపోవడానికి కారణం ఇదే. దరఖాస్తు ఫొటోకు జేపీజీ, పీఎన్‌జీ చాలు. వాటిని కూడా స్వీకరించిన వెంటనే సర్వరు మీద తిరిగి కొత్త బొమ్మగా తయారుచేసి, అసలును పారవేస్తే మంచిది. లోపల దాచిన అదనపు సరుకు చాలావరకు అక్కడ రాలిపోతుంది, ఫొటోలో దాగిన జీపీఎస్ వివరాలూ పోతాయి. అలా తిరిగి తయారుచేసినా చెక్కుచెదరకుండా నిలిచేలా కోడ్‌ను దాచే పద్ధతులు ఉన్నాయి కాబట్టి, పేరు మార్చడమూ ఫోల్డరులో ఏదీ నడవనివ్వకపోవడమూ ఎలాగూ ఉండాలి. బొమ్మలను తయారుచేసే లైబ్రరీని కూడా తాజాగా ఉంచండి. 2016లో ఇమేజ్‌ట్రాజిక్ పేరుతో బయటపడిన లోపం ఇమేజ్‌మ్యాజిక్‌లోనే ఉంది, బొమ్మను చదివే క్రమంలోనే సర్వరు మీద ఆదేశాలు నడిచాయి.

లాగ్_చదువరి:

రెండో ప్రశ్న నా వృత్తికి సంబంధించినది. మొదట అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీతోనూ, దాని ఇతర రూపాలైన పీహెచ్‌టీఎంఎల్, ఫార్ వంటి వాటితోనూ ముగిసే ఫైళ్లు ఉన్నాయేమో వెతకండి. కొన్ని ప్లగిన్లు ఖాళీ ఇండెక్స్ ఫైలు పెడతాయి, వాటిని తెరిచి చూసి వదిలేయవచ్చు. తరువాత యాక్సెస్ లాగ్ చదవండి. ఒక ప్లగిన్ చిరునామాకో అడ్మిన్-అజాక్స్‌కో పోస్ట్ అభ్యర్థన వెళ్లి, కొద్ది సెకన్లలో అదే ఐపీ నుంచి అప్‌లోడ్స్ లోపలి పీహెచ్‌పీ ఫైలుకు 200 (విజయం) జవాబుతో మరో అభ్యర్థన ఉంటే, ఫైలు ఎక్కడమూ నడవడమూ రెండూ జరిగినట్టే లెక్క.

వర్డ్‌ప్రెస్‌ను టైపు చేసే ఆదేశాలతో నిర్వహించే డబ్ల్యూపీ-సీఎల్ఐలో చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తులు) సరిచూసే ఆదేశాలు ఉన్నాయి, మూల ఫైళ్లకు ఒకటి, ప్లగిన్లకు ఒకటి. మూల ఫైళ్ల పరీక్ష డబ్ల్యూపీ-కంటెంట్ లోపలికి తొంగిచూడదని, వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో లేని కొనుగోలు ప్లగిన్లకు రెండో ఆదేశం పనికిరాదని గుర్తుంచుకోండి. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డరును ప్రత్యేకంగా చూడండి. అందులో ఉన్న ఫైలు తనంతట తానే నడుస్తుంది, మామూలు ప్లగిన్ల వరుసలో కనిపించదు, అందుకే దాగడానికి దాన్ని ఎంచుకుంటారు.

వెబ్ షెల్ (దాడి చేసేవారు సర్వరును నడపడానికి ఉంచే ఫైలు) దొరికితే దాన్ని ఒక్కదాన్నే చెరిపివేసి ఊరుకోవద్దు. ఒకసారి లోపలికి వచ్చినవారు సైటు అమరికల ఫైలు డబ్ల్యూపీ-కాన్ఫిగ్ చదివి ఉంటారు, డేటాబేసు పాస్‌వర్డూ రహస్య కీలూ వారి దగ్గర ఉన్నాయనే భావించాలి. కొత్త నిర్వాహక ఖాతాలు ఉన్నాయేమో, నిర్ణీత వేళల్లో తమంతట తామే నడిచే క్రాన్ పనుల్లో తెలియనివి చేరాయేమో చూసి, లాగ్‌లను వేరేచోట భద్రపరచి, దాడికి ముందునాటి బ్యాకప్ నుంచి సైటును తిరిగి నిలబెట్టి, లోపమున్న ప్లగిన్‌ను సరిచేసి, పాస్‌వర్డులూ కీలూ అన్నీ మార్చాలి. దరఖాస్తుదారుల పత్రాలు అదే సర్వరు మీద ఉంటే వాళ్లకు తెలియజేయవలసిన బాధ్యత కూడా మీ మీద ఉంటుంది.

దరఖాస్తుల_వేదిక:

చెప్పిన క్రమంలోనే చేశాను. నిరాకరణ బ్లాకును పీహెచ్‌పీ బ్లాకుకు పైన పెట్టి, ఒక్క పదాన్ని మాత్రమే ముద్రించే హానిలేని పీహెచ్‌పీ ఫైలును అప్‌లోడ్స్‌లో నేనే ఉంచి బ్రౌజరులో పిలిచి చూశాను, 403 (నిరాకరణ) జవాబు వచ్చింది. పెద్ద అక్షరాలతో పేరు మార్చి మళ్లీ పిలిస్తే మాత్రం నడవలేదు కానీ, లోపలి కోడ్ పాఠంగా డౌన్‌లోడ్ అయింది. ఇది పట్టించుకోవలసిన విషయమేనా?

ఎన్‌జిన్ఎక్స్_పాఠకురాలు:

పట్టించుకోవాలి, సరిచేయడం సులభమే. మీ ఎక్స్‌ప్రెషన్ అక్షరాల చిన్నాపెద్దా తేడాను చూస్తోంది. టిల్డే గుర్తు పక్కన నక్షత్రం గుర్తు చేరిస్తే ఆ తేడా పోతుంది. అదే ఎక్స్‌ప్రెషన్‌లో పీహెచ్‌టీఎంఎల్, ఫార్ పేర్లనూ కలపండి. మీ ఎఫ్‌పీఎం వాటిని ఈరోజు నడపకపోయినా, రేపు ఎవరైనా అమరిక మార్చినప్పుడు ఆ నిరాకరణ అక్కడ ఉంటుంది. మార్చిన తరువాత ముందు అమరికను పరీక్షించే ఆదేశం నడిపి, ఆపైన రీలోడ్ చేసి, ఆ రెండు ఫైళ్లనూ మళ్లీ పిలిచి చూసి, పరీక్ష ముగియగానే వాటిని తొలగించండి.